33/11 కేవీ సబ్‌స్టేషన్: కరెంటు నడిచే దారిలో ఒక్కో పరికరం

సబ్‌స్టేషన్ గేటు దాటగానే అందరి చూపూ ట్రాన్స్‌ఫార్మర్ మీదే పడుతుంది. పెద్దది, ఖరీదైనది, పైగా మోత పెడుతూ ఉంటుంది. కానీ సబ్‌స్టేషన్ అర్థం కావాలంటే అక్కడ మొదలుపెట్టకూడదు. 33 కేవీ లైను యార్డులోకి దిగే గాంట్రీ (తీగలు కట్టే ఇనుప చట్రం) కింద నిలబడి, కరెంటు పోయే దారిలోనే నడవాలి. దారిలో తగిలే ప్రతి స్విచ్చునూ రెండు ప్రశ్నలు అడగాలి. లోడు పారుతుండగా నిన్ను తెరవొచ్చా? నువ్వు తెరుచుకున్నావని నా కంటికి కనిపిస్తుందా?

బ్రేకర్ (లోడు మీదే కరెంటును తెంపే స్విచ్చు) మొదటిదానికి అవునంటుంది, రెండోదానికి కాదంటుంది. ఏబీ స్విచ్ (ఎయిర్ బ్రేక్ స్విచ్, గాలిలోనే తెరుచుకునే బ్లేడుల స్విచ్చు) సరిగ్గా తిరగేసి చెబుతుంది. ఒకచోట రెండూ ఎందుకు పెట్టారో, దేని తర్వాత ఏది తెరవాలో ఈ రెండు జవాబుల్లోనే ఉంది. ఇది తెలిసినవాళ్లకు ఆపరేషన్ వరస బట్టీ పట్టే పనిలేదు.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో మామూలుగా కనిపించే 33/11 కేవీ సబ్‌స్టేషన్. ట్రాన్స్‌కో 132/33 కేవీ సబ్‌స్టేషన్ నుంచి 33 కేవీ లైను వస్తుంది, ఇక్కడ 11 కేవీగా మారి ఫీడర్లుగా చీలి ఊళ్లకూ పొలాలకూ పోతుంది. కింద చెప్పిన ఆపరేషన్లు అధికారం, శిక్షణ ఉన్న సిబ్బందివే. మిగతావాళ్లు అర్థం చేసుకోవడానికి చదవండి.

ముందు మూడు అంకెలు

5 ఎంవీఏ (5000 కేవీఏ సామర్థ్యం) ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నచోట ఈ మూడూ నోటికి రావాలి.

33 కేవీ వైపు ఫుల్ లోడ్ కరెంటు: 5000 ÷ (1.732 × 33) = 87.5 ఆంపియర్లు.
11 కేవీ వైపు: 5000 ÷ (1.732 × 11) = 262 ఆంపియర్లు.
11 కేవీ బస్ (ఫీడర్లన్నీ కలిసే కండక్టర్లు) మీద మూడు ఫేజులూ షార్ట్ అయితే: నేమ్‌ప్లేట్ మీద ఇంపిడెన్స్ (కరెంటుకు ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే అడ్డు) 7.15 శాతం ఉంటే 262 ÷ 0.0715, అంటే దాదాపు 3,670 ఆంపియర్లు. 33 కేవీ లైను ఇంపిడెన్స్ కూడా లెక్కేస్తే ఇంకొంచెం తగ్గుతుంది.

8 ఎంవీఏ అయితే మొదటి రెండూ 140, 420 అవుతాయి. మీటర్లో కనిపించే కరెంటును ఈ అంకెల పక్కన పెట్టి చూసుకుంటే, ట్రాన్స్‌ఫార్మర్ ఎంత బరువు మోస్తోందో ఎవర్నీ అడగక్కర్లేదు.

33 కేవీ వైపు: గాంట్రీ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా

లైను దిగిన వెంటనే లైట్నింగ్ అరెస్టర్లు ఉంటాయి. 33 కేవీకి 30 కేవీ రేటింగువి, 11 కేవీకి 9 కేవీ రేటింగువి వాడతారు. మామూలు వోల్టేజి దగ్గర జింక్ ఆక్సైడ్ బిళ్లల గుండా మిల్లీ ఆంపియర్లలోనే లీకేజి ఉంటుంది. పిడుగు వల్ల వోల్టేజి ఎగబాకితే అవి ఒక్కసారిగా దారి వదిలి ఆ చార్జీని భూమిలోకి పంపేస్తాయి. అరెస్టర్ ఎంత మంచిదైనా దాని ఎర్త్ పట్టీ మెలికలు తిరిగి ఎక్కడో దూరం గుంతకు పోతే ఉపయోగం సగమే. పట్టీ తిన్నగా, పొట్టిగా దిగాలి. ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గర్లో ఇంకో సెట్టు పెట్టడానికి కారణం కూడా దూరమే. అరెస్టర్ ఎంత దగ్గరుంటే బుషింగ్ (తీగ ట్యాంకులోకి దిగే పింగాణీ గొట్టం) దగ్గర వోల్టేజి అంత తక్కువగా ఉంటుంది.

తర్వాత ఏబీ స్విచ్. హ్యాండిల్ తిప్పితే మూడు బ్లేడులూ ఒకేసారి లేస్తాయి. దీనికి ఆర్క్ ఆర్పే ఏర్పాటు లేదు, చుట్టూ ఉన్నది గాలే. లోడు మీద తెరిస్తే బ్లేడు వెంట మంట సాగుతుంది, గాలివాటుకు పక్క ఫేజును అందుకుంటుంది, అంతటితో బస్ మీదే షార్ట్. హ్యాండిల్ పట్టుకున్న మనిషి సరిగ్గా దాని కిందే ఉంటాడు.

ఏబీ స్విచ్ దగ్గర చాలామంది చేసే పొరపాటు, హ్యాండిల్ కిందికి వచ్చింది కదా అని తలెత్తి చూడకపోవడం. పైపు కప్లింగ్ వదులైతేనో, బ్లేడు కాంటాక్టులో అతుక్కుపోతేనో రెండు ఫేజులు తెరుచుకుని మూడోది అలాగే ఉండిపోతుంది. హ్యాండిల్ చెప్పేది హ్యాండిల్ సంగతి మాత్రమే. ఆర్, వై, బీ మూడు బ్లేడులనూ విడివిడిగా చూడాలి. రాత్రయితే టార్చి వేసి చూడాలి.

తర్వాతది బ్రేకర్. ఇప్పుడు 33, 11 కేవీల్లో ఎక్కువగా ఉన్నవి వాక్యూమ్ బ్రేకర్లు. పింగాణీ లోపల మూత వేసిన బాటిల్ ఉంటుంది, అందులో గాలి దాదాపు ఉండదు. కాంటాక్టులు మిల్లీమీటర్ల దూరం విడిపోతే చాలు, కరెంటు సున్నా దాటే క్షణంలో ఆర్క్ ఆరిపోతుంది, మళ్లీ అంటుకోవడానికి అక్కడ గాలి లేదు. కాంటాక్టులను కదిలించేది స్ప్రింగు. మోటారు ఆ స్ప్రింగును చార్జ్ చేసి పెడుతుంది, చిన్న కాయిల్ గొళ్లాన్ని తప్పిస్తుంది. నేమ్‌ప్లేట్ మీద "ఓ – 0.3 సె – సీఓ – 3 ని – సీఓ" అని ఉంటే అర్థం ఇది: తెరుచుకుంటుంది, 0.3 సెకన్ల తర్వాత మూసుకుని వెంటనే మళ్లీ తెరుచుకోగలదు, ఆ తర్వాత ఇంకోసారి అలా చేయాలంటే 3 నిమిషాలు గడవాలి. ఫాల్టు మీద బ్రేకర్‌ను వెంటవెంటనే చార్జ్ చేసేవాళ్లు చదవని గీత ఇదే.

ట్రిప్ కాయిల్ కాలిపోయిందంటే కాయిల్ నాసిరకమని కొత్తది వేసి ఊరుకుంటారు. అసలు కారణం ఎక్కువసార్లు మెకానిజంలో ఎండిపోయిన గ్రీజు. ఆ కాయిల్ క్షణకాలం కరెంటు తట్టుకునేలానే చేసి ఉంటుంది. బ్రేకర్ కదలగానే దాని ఆక్సిలరీ కాంటాక్టు ఆ కరెంటును కోసేయాలి. గ్రీజు గట్టిపడి బ్రేకర్ కదలకపోతే కాంటాక్టు తెరుచుకోదు, కాయిల్ మాడిపోతుంది. కొత్త కాయిల్ వేసినా మెకానిజం శుభ్రం చేయకపోతే దానికీ అదే గతి.

వాక్యూమ్ పోయిన బాటిల్ బయటికి మామూలుగానే కనిపిస్తుంది. బ్రేకర్‌ను పూర్తిగా వేరుచేసి, తెరిచిన కాంటాక్టుల మధ్య టెస్ట్ కిట్‌తో హైవోల్టేజి ఇచ్చి చూడటమే పరీక్ష.

సీటీ, పీటీ: చిన్న తీగల్లో పెద్ద ప్రమాదం

వందల ఆంపియర్లను 1 లేదా 5 ఆంపియర్లకు దించేది సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్). 33 కేవీని 110 వోల్టులకు దించేది పీటీ (పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్). ఫాల్టును పసిగట్టి బ్రేకర్‌ను పడగొట్టే రిలేలకూ, మీటర్లకూ ఇవే కళ్లు.

సీటీ సెకండరీని ఎప్పుడూ ఓపెన్ చేయకూడదు. ప్రైమరీలో పారేది ఊరి లోడు. సెకండరీ తీగ ఊడిందని అది ఆగదు. అప్పటిదాకా సెకండరీ కరెంటు దానికి ఎదురు నిలిచి కోర్‌లో ఫ్లక్స్‌ను అదుపులో పెట్టింది. తీగ ఊడగానే ఆ ఎదురు పోతుంది, ప్రైమరీ కరెంటు మొత్తం కోర్‌ను అయస్కాంతం చేసే పనిలో పడుతుంది, టెర్మినళ్ల మధ్య వేల వోల్టులు లేస్తాయి. ముందు గుయ్యిమని శబ్దం, తర్వాత టెర్మినల్ బ్లాకు మాడిన వాసన, ఒక్కోసారి సీటీనే పగిలిపోతుంది. రిలే గానీ మీటరు గానీ తీసేముందు షార్టింగ్ లింకు వేయాలి. పీటీ దీనికి తలకిందులు: ఓపెన్‌గా ఉన్నా ఫరవాలేదు, షార్ట్ చేయకూడదు. అందుకే పీటీకి ఫ్యూజులు ఉంటాయి, సీటీకి ఉండవు.

ఒకే సీటీలో రెండు మూడు కోర్లు ఉంటాయి. మీటరింగ్ కోర్ పెద్ద కరెంటు వస్తే త్వరగా సాచురేట్ అయ్యేలా చేస్తారు, మీటరు బతకాలి కాబట్టి. ప్రొటెక్షన్ కోర్ 5పీ20 అంటే 20 రెట్ల కరెంటు దాకా 5 శాతం తప్పులోపు చూపగలగాలి. వైరింగులో ఈ రెండూ తారుమారైతే రోజూ అంతా బాగానే ఉన్నట్టుంటుంది. ఫాల్టు వచ్చిన రోజున మీటరు కాలుతుంది, రిలేకు మాత్రం ఆ ఫాల్టు కనిపించదు.

ట్రాన్స్‌ఫార్మర్ ఒంటి మీద ఏముంది

మోత సంగతి ముందు. 50 హెర్ట్జ్ కరెంటుకు కోర్ సెకనుకు వందసార్లు సాగి ముడుచుకుంటుంది. అదే ఆ గుంయ్‌మనే చప్పుడు. అది మారడం ముఖ్యం గానీ ఉండటం కాదు. లోపల్నుంచి టపటపలాడే శబ్దం వస్తే లోపల ఎక్కడో స్పార్క్ ఉందని అనుమానించాలి.

బ్రీదర్ దగ్గర కాస్త ఆగుదాం. ఎండకు నూనె వ్యాకోచిస్తే, ట్యాంకు పైనుండే నూనె డ్రమ్ము కన్జర్వేటర్‌లోంచి గాలి బయటికి పోతుంది, చల్లబడితే లోపలికి వస్తుంది. వచ్చే గాలి కింద నూనె గిన్నెలోంచి బుడగలుగా వచ్చి, సిలికా జెల్ గుండా పోవాలి. నీలం జెల్ తేమ పీల్చి గులాబీ రంగుకు తిరుగుతుంది. రంగు ఎంత మారిందో అందరూ చూస్తారు, ఎటు నుంచి మారిందో చూసేవాళ్లు తక్కువ. గాలి కింది నుంచి వస్తుంది కాబట్టి రంగు కింది నుంచే మారాలి. పైన గులాబీ, కింద నీలం ఉంటే పైపు జాయింటు దగ్గరో, గాజు గొట్టం పై వాషర్ దగ్గరో గాలి దొంగదారిన దూరుతోందన్నమాట. అప్పుడు జెల్ మార్చి లాభం లేదు, లీకు మూయాలి. కొత్త బ్రీదర్ బిగించినప్పుడు కింద రవాణా కోసం పెట్టిన రబ్బరు మూత తీశారో లేదో కూడా చూడండి. అది ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ ఊపిరే ఆడదు.

ట్యాంకుకూ కన్జర్వేటర్‌కూ మధ్య పైపులో ఉండేది బుఖోల్జ్ రిలే. లోపల చిన్న లోపాలకు నూనె కుళ్లి గ్యాసు పుడుతుంది, అది మెల్లగా ఇక్కడ చేరి పై ఫ్లోట్‌ను దించితే అలారం. పెద్ద ఫాల్టుకు నూనె ఒక్కసారిగా తోసుకొస్తే కింది ఫ్లోట్ కదిలి ట్రిప్. అలారం వస్తే గ్యాసును జాగ్రత్తగా పట్టి చూస్తారు. రంగూ వాసనా లేకుండా, మండకుండా ఉంటే అది గాలే కావచ్చు, ఫిల్టరేషన్ తర్వాత సరిగా గాలి తీయకపోతే ఇలా వస్తుంది. మండే గ్యాసైతే లోపల ఫాల్టు ఉన్నట్టే. బుఖోల్జ్ మీద ట్రిప్ అయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పరీక్షలు చేయకుండా చార్జ్ చేయకూడదు, పైనుంచి ఎంత ఒత్తిడి ఉన్నా సరే.

టెంపరేచర్ మీటర్లు రెండు: నూనెది ఓటీఐ, వైండింగుది డబ్ల్యూటీఐ. రెండూ ఎప్పుడూ ఒకే అంకె చూపిస్తుంటే సంబరపడకండి. లోడు ఉన్నప్పుడు వైండింగ్ నూనె కంటే వేడిగా ఉండాలి. డబ్ల్యూటీఐ హీటింగ్ కాయిల్‌కు సీటీ నుంచి కరెంటు రావడం లేదని దాని అర్థం. బల్బు పెట్టే పాకెట్లో నూనె లేకపోయినా మీటరు తక్కువే చూపుతుంది.

వైండింగ్‌లో వాడే చుట్ల సంఖ్య మార్చే ట్యాప్ లెక్క ఒకటి చేసి చూద్దాం. ఆన్‌లోడ్ ట్యాప్ చేంజర్ సాధారణంగా 33 కేవీ వైపు +5 నుంచి −15 శాతం దాకా, మెట్టుకు 1.25 శాతం చొప్పున 17 ట్యాపులతో ఉంటుంది. సాయంత్రం 33 కేవీ 31కి పడిపోయిందనుకోండి. నార్మల్ ట్యాప్ మీద 11 కేవీ వైపు 10.33 వస్తుంది. ఐదు మెట్లు దింపితే 33 కేవీ వైపు 6.25 శాతం చుట్లు తగ్గుతాయి: 31 × 11 ÷ (33 × 0.9375) = 11.02 కేవీ. రాత్రి లోడు పోయాక 33 కేవీ మళ్లీ లేస్తుంది, ట్యాప్ వెనక్కి తేవడం మరిచిపోతే ఊళ్లో బల్బులు మాడతాయి. 11 కేవీకి అనుమతి ఉన్న హద్దు +6, −9 శాతం, అంటే 11.66 నుంచి 10.01 దాకా. ఆఫ్‌సర్క్యూట్ స్విచ్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రం రెండు వైపులా సప్లై తీశాకే ట్యాప్ తిప్పాలి.

11 కేవీ వైపు: ఎవరు ముందు పడాలి

ట్రాన్స్‌ఫార్మర్ ఎల్వీ (11 కేవీ వైపు) బ్రేకర్ దాటితే 11 కేవీ బస్, దాని నుంచి ఫీడర్లు, ఒక్కోదానికి ఒక్కో బ్రేకర్. ఫీడర్ మీద ఫాల్టు వస్తే ఫీడర్ బ్రేకరే పడాలి, ఎల్వీ బ్రేకర్ పడితే అన్ని ఊళ్లూ చీకటి. ఎవరు ముందో తేల్చేది రిలే సెట్టింగ్.

కరెంటు పెరిగేకొద్దీ త్వరగా పడే నార్మల్ ఇన్వర్స్ రిలే సమయం: 0.14 × టీఎంఎస్ (టైమ్ మల్టిప్లయర్ సెట్టింగ్) ను (రెట్లు^0.02 − 1) తో భాగించాలి. రెట్లు అంటే ఫాల్టు కరెంటు రిలే సెట్టింగుకు ఎన్ని రెట్లో. ఫీడర్ రిలే 200 ఆంపియర్లకు, టీఎంఎస్ 0.1 అనుకుందాం. ఎల్వీ రిలే 300 ఆంపియర్లకు ఉంది. ఫీడర్ మీద 2,000 ఆంపియర్ల ఫాల్టు వస్తే ఫీడర్‌కు అది 10 రెట్లు, రిలే 0.30 సెకన్లో ట్రిప్ ఇస్తుంది. ఎల్వీకి 6.67 రెట్లు. దాని టీఎంఎస్ కూడా 0.1 పెడితే 0.36 సెకన్లకే ట్రిప్ ఇచ్చేస్తుంది. తేడా 0.06. ఫీడర్ బ్రేకర్ తెరుచుకుని ఆర్క్ ఆరేలోపే ఎల్వీ కూడా పడిపోతుంది. టీఎంఎస్ 0.2 చేస్తే 0.72 సెకన్లు, తేడా 0.42. రెండు రిలేల మధ్య 0.3 నుంచి 0.4 సెకన్ల ఎడం ఉండాలనే వాడుక ఇందుకే. "ఫీడర్ పడితే సబ్‌స్టేషన్ మొత్తం పోతోంది" అన్న ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట చూడాల్సింది ఈ రెండు అంకెలు, రెండోది ఫీడర్ ట్రిప్ సర్క్యూట్.

ఎర్త్ ఫాల్ట్ రిలేకు ఒక హద్దు ఉంది. తెగిన తీగ తడి నేల మీద పడితే కరెంటు బాగా పారి రిలే పట్టేస్తుంది. ఎండిన నేల మీదో, తారురోడ్డు మీదో, కంకర మీదో పడితే కొద్ది ఆంపియర్లే పారతాయి, రిలేకు అది మామూలు అసమతుల్యంలా కనిపిస్తుంది. తీగ నేల మీద ఉంటుంది, ఫీడర్ ఆన్‌లోనే ఉంటుంది. తీగ పడిందని ఎవరు ఫోన్ చేసినా, రిలే ఫ్లాగ్ (ట్రిప్ గుర్తు) లేదని వాదించకుండా ముందు ఫీడర్ తెరవాలి.

కెపాసిటర్ బ్యాంకు సంగతి క్లుప్తంగా. పంపుసెట్ల వల్ల 4 మెగావాట్ల లోడు 0.8 పవర్ ఫ్యాక్టర్‌లో ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ మీద 5 ఎంవీఏ, అంటే ఫుల్ లోడ్. 2 ఎంవీఏఆర్ (రియాక్టివ్ పవర్ కొలత) బ్యాంకు వేస్తే అది 4.12 ఎంవీఏకు దిగుతుంది, కరెంటు 262 నుంచి 216కు. వ్యవసాయ లోడు పోయాక బ్యాంకును ఆన్‌లో ఉంచితే వోల్టేజి ఎగబాకుతుంది. ఆఫ్ చేశాక కనీసం 10 నిమిషాలు ఆగి, డిశ్చార్జ్ రాడ్ వేశాకే ముట్టుకోవాలి.

బ్యాటరీ గది

యార్డులో ఎన్ని లక్షల సామాను ఉన్నా ట్రిప్ కాయిల్‌కు డీసీ అందకపోతే అవి కదలవు. ఫాల్టు వచ్చిన క్షణంలో ఏసీ వోల్టేజి కూలిపోతుంది, కాబట్టి ఏసీని నమ్ముకోలేం. 110 వోల్టుల బ్యాటరీ అంటే 2 వోల్టుల సెల్స్ 55, 30 వోల్టులైతే 15. ఫ్లోట్ (చార్జర్ ఎప్పుడూ నింపి ఉంచే స్థితి) మీద సెల్‌కు సుమారు 2.2 వోల్టులు, యాసిడ్ గ్రావిటీ 27 డిగ్రీల దగ్గర 1.200 చుట్టూ ఉండాలి.

ప్యానెల్ మీటరు 110 చూపిస్తోంది కాబట్టి బ్యాటరీ బాగుందనుకోవడం పెద్ద భ్రమ. ఆ వోల్టేజి చార్జర్‌ది. సెల్స్ అన్నీ సిరీస్‌లో ఉంటాయి, ఒక్క సెల్ లోపల తెగినా, ఒక్క లింకు తుప్పు పట్టినా బ్యాటరీ మొత్తం లేనట్టే. చార్జర్ ఏసీ ఆఫ్ చేసి, కొంత డీసీ లోడు ఉంచి, వోల్టేజి నిలబడుతుందో లేదో కొన్ని నిమిషాలు చూడండి. అప్పుడే నిజం తెలుస్తుంది.

డీసీ లీకేజికి రెండు బల్బుల పద్ధతి ఉంది. ప్లస్‌కు ఒకటి, మైనస్‌కు ఒకటి, మధ్య బిందువు ఎర్త్‌కు. రెండూ సమానంగా మసగ్గా వెలిగితే మంచిదే. ఒకటి ఆరి రెండోది పూర్తిగా వెలిగితే, ఆరిన వైపు తీగే ఎక్కడో భూమిని తాకుతోంది. వానాకాలంలో యార్డు మార్షలింగ్ బాక్సులు (కంట్రోల్ తీగలు కలిసే పెట్టెలు) తెరిచి చూడండి, చాలావరకు అక్కడే దొరుకుతుంది.

ఎర్త్

ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు రెండు వేర్వేరు గుంతలకు రెండు వేర్వేరు పట్టీలు పోవాలి, బాడీకి మరో రెండు. ఒకటి తెగినా రెండోది ఆదుకుంటుంది. న్యూట్రల్ ఎర్త్ పూర్తిగా తెగితే ఎర్త్ ఫాల్ట్ కరెంటు తిరిగి రావడానికి దారే ఉండదు, రిలేకు ఏమీ తెలియదు. 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో మొత్తం ఎర్త్ రెసిస్టెన్స్ 2 ఓములు దాటనివ్వరు. ఎండాకాలం గుంతల్లో నీళ్లు పోయమనేది ఇందుకే.

యార్డులో పరిచిన 100 మిల్లీమీటర్ల కంకర అందం కోసమో, కలుపు రాకుండా ఉండటానికో మాత్రమే కాదు. ఫాల్టు సమయంలో నేల మీద అడుగుకూ అడుగుకూ మధ్య వోల్టేజి తేడా వస్తుంది. కంకర రెసిస్టెన్స్ ఎక్కువ కాబట్టి కాళ్ల గుండా పారే కరెంటును తగ్గిస్తుంది. మట్టి పేరుకుని కంకర కనిపించని యార్డులో ఆ రక్షణ పోయినట్టే.

ఫీడర్ మీద ఎల్‌సీ (లైన్ క్లియర్, లైను మీద పనికి అనుమతి) ఇవ్వడం: వరస

1. ఎల్‌సీ అడిగినవారి పేరు, హోదా, ఫీడర్ పేరు, ఏ పోల్ నుంచి ఏ పోల్ దాకా పనో రిజిస్టర్‌లో రాయండి. ఫీడర్ పేరును అడిగినవాళ్లతో తిరిగి చెప్పించండి. దగ్గరదగ్గర పేర్లున్న ఊళ్ల ఫీడర్ల దగ్గరే ప్రాణాలు పోతాయి.
2. ఫీడర్ బ్రేకర్ ట్రిప్ చేయండి. మూడు ఫేజుల అమ్మీటర్లూ సున్నా చూపాలి.
3. ఆ తర్వాతే ఏబీ స్విచ్ తెరవండి. ట్రాలీ బ్రేకరైతే బయటికి లాగండి. మూడు బ్లేడులూ కంటితో చూడండి.
4. హ్యాండిల్‌కు తాళం వేసి, తాళంచెవి మీ దగ్గర పెట్టుకుని, "మనుషులు పనిలో ఉన్నారు" బోర్డు హ్యాండిల్‌కూ, ప్యానెల్ మీద కంట్రోల్ స్విచ్‌కూ తగిలించండి.
5. ఎల్‌సీ నంబరు, సమయం ఇచ్చి రాసుకోండి. అవతలివాళ్లు కూడా రాసుకోవాలి.
6. లైను దగ్గర: వోల్టేజి డిటెక్టర్‌ను ముందు కరెంటున్న లైను దగ్గర చూడాలి, తర్వాత పనిచేసే లైను దగ్గర, మళ్లీ కరెంటున్న లైను దగ్గర. మధ్యలో డిటెక్టర్ బ్యాటరీ అయిపోతే "కరెంటు లేదు" అనే చెబుతుంది.
7. పనిచేసే చోటుకు రెండు వైపులా ఎర్త్ రాడ్లు వేయాలి. ముందు ఎర్త్ కొన బిగించి తర్వాత లైనుకు తగిలించాలి. తీసేటప్పుడు ముందు లైను నుంచి, తర్వాత ఎర్త్.
8. పని అయ్యాక రాడ్లు తీసి, మనుషులను లెక్కపెట్టుకుని, ఎల్‌సీ తీసుకున్నవారే తిరిగి ఇవ్వాలి. ఒకే ఫీడర్ మీద రెండు ఎల్‌సీలు ఉంటే రెండూ వచ్చేదాకా తాళం తీయకూడదు.

సబ్‌స్టేషన్‌లో అంతా తెరిచాక కూడా ఎర్త్ రాడ్ ఎందుకంటే, కరెంటు వెనక నుంచి వస్తుంది. కల్యాణమండపం జనరేటర్, సరిగా కలపని ఇన్వర్టర్, పైన దాటిపోయే మరో లైను, ఏదైనా కావచ్చు. ఎల్‌టీ (ఇళ్లకిచ్చే తక్కువ వోల్టేజి) వైపు నుంచి వచ్చిన 415 వోల్టులు డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి పోతే 11 కేవీ అవుతుంది.

పని తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ చార్జ్ చేయడం

మొదట మెగ్గర్‌తో ఇన్సులేషన్ రెసిస్టెన్స్ చూడాలి (హెచ్‌వీ అంటే 33 కేవీ వైపు): హెచ్‌వీ–ఎర్త్, ఎల్వీ–ఎర్త్, హెచ్‌వీ–ఎల్వీ. విలువతో పాటు నూనె టెంపరేచర్ కూడా రాయాలి, వేడి 10 డిగ్రీలు పెరిగితే విలువ దాదాపు సగానికి పడుతుంది. నూనె బీడీవీ (నూనె తట్టుకోలేక స్పార్క్ వచ్చే వోల్టేజి) 2.5 మిల్లీమీటర్ల గ్యాపులో 30 కేవీకి తగ్గకూడదు.

రేషియో టెస్ట్: హెచ్‌వీకి 415 వోల్టుల మూడు ఫేజులు ఇస్తే నార్మల్ ట్యాప్ మీద ఎల్వీలో ఫేజుల మధ్య 138, డీవైఎన్11 (హెచ్‌వీ డెల్టా, ఎల్వీ స్టార్ కనెక్షన్) అయితే న్యూట్రల్‌కు 80 వోల్టులు రావాలి. షార్ట్ సర్క్యూట్ టెస్ట్: ఎల్వీ మూడు ఫేజులనూ కలిపి అదే 415 ఇస్తే, 5 ఎంవీఏ, 7.15 శాతానికి హెచ్‌వీలో 15.4, ఎల్వీలో 46 ఆంపియర్ల చుట్టూ పారాలి. ఒక ఫేజు తేడాగా ఉంటే ట్యాప్ కాంటాక్టుతో మొదలుపెట్టి వెతకండి.

రేడియేటర్ వాల్వులు, కన్జర్వేటర్ వాల్వు తెరిచి ఉన్నాయా? నూనె పని చేసినవాళ్లు మూసి మరిచిపోయేది వీటినే. రేడియేటర్ వాల్వు మూసి ఉంటే పైన చెయ్యి పెడితే చల్లగా ఉంటుంది, పక్కది వేడిగా ఉంటుంది. బుషింగుల్లో, బుఖోల్జ్‌లో గాలి తీయాలి. బుఖోల్జ్ టెస్ట్ బటన్ నొక్కి హెచ్‌వీ, ఎల్వీ బ్రేకర్లు రెండూ నిజంగా పడుతున్నాయో చూడాలి.

ఇక వరస: ఎల్వీ బ్రేకర్ తెరిచి ఉండగా ముందు ఏబీ స్విచ్చులు, తర్వాత హెచ్‌వీ బ్రేకర్. మొదట ఒక్కసారి గట్టిగా మూలిగి మెల్లగా సద్దుమణిగితే అది ఇన్‌రష్ కరెంటు, ఫుల్ లోడ్‌కు ఎన్నో రెట్లు ఉండి క్షణాల్లో తగ్గిపోతుంది. కొంతసేపు లోడు లేకుండా ఉంచి, శబ్దం, లీకులు, బుఖోల్జ్ చూసి, ఎల్వీ వేసి, ఫీడర్లు ఒక్కొక్కటిగా వేయండి. తీసేటప్పుడు ఇదే తిరగేసి: ఫీడర్లు, ఎల్వీ, హెచ్‌వీ, చివర్న ఏబీ స్విచ్చులు.

ఫీడర్ పడినప్పుడు

ఫ్లాగ్ రీసెట్ చేయకముందే రాసుకోండి: ఏ ఫేజు, ఓవర్ కరెంటా ఎర్త్ ఫాల్టా, ఎన్ని ఆంపియర్లు. ఆ వెంటనే ఎల్‌సీ రిజిస్టర్ చూడండి. ఆ తర్వాతే మిగతావి.

వ్యవసాయ ఫీడర్లలో ఒక వింత ఉంది. ఫాల్టు లేకపోయినా వేసిన వెంటనే పడిపోతుంది. 5 హెచ్‌పీ మోటారు 415 వోల్టుల దగ్గర సుమారు 7.5 ఆంపియర్లు తీసుకుంటే 11 కేవీ వైపు అది 0.28. 300 మోటార్లు నడుస్తుంటే 85 ఆంపియర్లే. కానీ అన్నింటికీ ఆటో స్టార్టర్లు ఉండి సప్లై రాగానే ఒకేసారి లేస్తే, స్టార్టింగ్ కరెంటు ఆరు రెట్లు, 510 ఆంపియర్లు. 200 సెట్టింగ్, 0.1 టీఎంఎస్ ఉన్న రిలే దాన్ని 0.74 సెకన్లో తెంపేస్తుంది, మోటార్లు వేగం అందుకునే సమయం కూడా ఇవ్వదు. గుర్తు ఏమిటంటే: మూడు ఫేజుల్లోనూ దాదాపు సమానంగా కరెంటు, ఎర్త్ ఫాల్ట్ ఫ్లాగ్ ఉండదు, పడటానికి ఒక సెకను దాకా పడుతుంది. వేసీవేయగానే హైసెట్ (పెద్ద కరెంటుకు ఆలస్యం లేకుండా పడే సెట్టింగ్) మీద పడితే అది దగ్గర్లోని గట్టి షార్ట్. మొదటిదానికి మందు రిలే సెట్టింగ్ పెంచడం కాదు, ఆటో స్టార్టర్లు తీయించడం, లేదా ఒక్కోదానికి ఒక్కో ఆలస్యం ఉండేలా టైమర్లు పెట్టించడం.

రాత్రి చుట్టు

లోడు ఎక్కువగా ఉన్న వేళ యార్డు లైట్లు ఆర్పించి, బయటి దారిలోనే నిలబడి కొద్ది నిమిషాలు కళ్లు చీకటికి అలవాటు పడనివ్వండి. వదులైన క్లాంపు, రాగి అల్యూమినియం నేరుగా కలిసిన చోటు, కాంటాక్టు సరిగా పడని ఏబీ స్విచ్ బ్లేడు నిప్పుకణికలా ఎర్రగా కనిపిస్తాయి. తీరప్రాంతంలో, సిమెంటు దుమ్ము పడే చోట, తెల్లవారుజామున మంచుకు ఇన్సులేటర్ల మీద నీలి మిణుకులు, చిటపటలు ఉంటాయి. అవి తుడిపించాల్సినవాటి జాబితా. ఎర్రగా కనిపించిన జాయింటు ఏ ఫేజుదో, ఏ పరికరానికి ఎటువైపుదో రాసి, ముందు ఆ ఫీడర్ లోడు తగ్గించి, తెల్లారాక ఎల్‌సీ పెట్టి విప్పించండి. బోల్టు బిగించి వదిలేయకుండా క్లాంపు లోపలి ముఖాన్ని వైరు బ్రష్‌తో రుద్దించి, నల్లబడిన తీగ పోగులు తెగి ఉంటే ఆ జంపర్‌నే మార్పించాలి.